పొయ్యికి ఆదివారం (మా పేట మాటలు – 23)

రెండు వారాలుగా ఈ శీర్షిక కింద ఏమీ రాయలేదు. "ఏమైంది మాస్టారూ, ఎవరన్నా బెదిరించారా?" అని ఇన్‌బాక్స్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. అలాంటిదేం లేదు. సెలవు గురించి రాద్దామని కూర్చుని, మా ఇంట్లో నా నోటి నుంచే వచ్చిన ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను. ఆ మాట మింగుడు పడటానికి ఇన్నాళ్లు పట్టింది.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం గుడివాడలో జరగాల్సిన మీటింగు వాన వల్ల వాయిదా పడింది. నాకు గుర్తున్నంతలో ఆరేడు నెలల్లో నేను ఇంటిపట్టున ఉన్న మొదటి ఆదివారం అదే. సోమవారం నుంచి శనివారం దాకా ఘంటసాల నుంచి బందరు బస్సు, కాలేజీ, మళ్లీ బస్సు. ఆదివారం సభ, లేకపోతే పుస్తకావిష్కరణ, లేకపోతే ఎక్కడో మన పిల్లోడిని కొట్టారని తెలిస్తే స్టేషన్ ముందు ధర్నా. ఆ రోజు మాత్రం ఏమీ లేదు. పొద్దున్నే గొడుగేసుకుని వెళ్లి కిలో పెద్దకూర తెచ్చాను. సంచి వంటగది గట్టు మీద పెట్టాను. ఒక ఆదివారానికి నా వంతు పని అయిపోయిందనుకున్నాను. మడతకుర్చీ వసారాలోకి లాక్కుని పేపరు ఆదివారం అనుబంధం విప్పాను. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. రోడ్డవతల ఊడ్పులైన మళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి. మావాడు, నాలుగేళ్లోడు, పాత నోటుబుక్కు చింపి పడవలు చేయమని ఒకటే గోల. హాయిగా ఉందని ఒప్పుకోవాలి. మనలాంటి వాళ్లం హాయిగా ఉందని రాసుకోవడానికి కూడా సిగ్గుపడతాం, ఉద్యమానికి ద్రోహం చేసినట్టు.

వాడు చింపబోయిన నోటుబుక్కు అక్కది. మూడో తరగతి. చేతిలోంచి లాక్కుని చూస్తే 'మా కుటుంబం' అని పది లైన్ల వ్యాసం. యథాతథంగా కాకపోయినా దాదాపు ఇలా ఉంది: నాన్న సోమవారం నుంచి శనివారం వరకు కాలేజీకి వెళ్తాడు, ఆదివారం మీటింగుకు వెళ్తాడు. అమ్మ సోమవారం నుంచి శనివారం వరకు అంగన్‌వాడీకి వెళ్తుంది, ఆదివారం అందరి బట్టలు ఉతుకుతుంది. నాయనమ్మ పొలానికి వెళ్తుంది, ఆదివారం చర్చికి వెళ్తుంది, వచ్చి అంట్లు తోముతుంది. నేను ఆదివారం హోంవర్కు చేస్తాను. మా ఇంట్లో ఆదివారం సెలవు తమ్ముడికి మాత్రమే.

తెలుగులో డాక్టరేటు చేసినవాణ్ని కదా, ముందు అక్షరదోషాలు వెతికాను. ఒక్కటి దొరికింది, 'హోంవర్కు'లో. మిగతాదాంట్లో దిద్దడానికేం లేదు.

పదకొండింటికి నా సహచరి, అమ్మ చర్చి నుంచి వచ్చారు. (మేం ఉద్యమకారులం భార్య అనం, సహచరి అంటాం. ఆ మాట మారిస్తే సగం విముక్తి అయిపోయినట్టే మాకు.) ఆవిడ తడిసిన చీర మార్చుకుని మంచం మీద కూర్చుంది. వంటగది వైపు చూసింది, గట్టు మీద సంచి చూసింది. "ఇవాళ నేను వండను. పొద్దుటి అన్నం ఉంది, గోంగూర పచ్చడి ఉంది. నాక్కూడా ఆదివారమే," అంది. కోపంగా కూడా కాదు. ఒళ్లు అలిసిన మనిషి మామూలుగా చెప్పే మాట.

నేను పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాను: "పిల్లల ఆకలి ఆదివారమని ఆగుద్దా?"

అరుగు మీద కాళ్లు తుడుచుకుంటున్న మా అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి, "అచ్చం ఆ కామందు మాటేరా. గొంతు కూడా అట్టాగే ఉంది," అంది.

మా తాత పాలేరు. తొలకరికి కుదిరితే మళ్లీ తొలకరి దాకా ఆ ఇంటి మనిషే. జీతం వడ్ల బస్తాల లెక్క. తెల్లారగట్ల గొడ్ల చావిడి ఊడ్చి, పేడ తీసి, కుడితి పెట్టి, గడ్డి వేసి, అరక కట్టి, మళ్లీ రాత్రి గడ్డి వేసి వస్తే అప్పుడు ఇల్లు. పండగ లేదు, పబ్బం లేదు. నిజానికి పండగ రోజే కామందు ఇంట్లో పని ఎక్కువ. మా పేట క్రైస్తవంలోకి వచ్చాక అయ్యగారు చెప్పిన మొదటి సంగతుల్లో ఒకటి ఆదివారం పని చేయొద్దని. తాత, ఇంకో ముగ్గురు పాలేర్లు ధైర్యం చేసి ఆదివారం రామని చెప్పారట. అప్పుడు ఆ కామందు తిట్టలేదు, కొట్టలేదు. వాకిట్లో వాలుకుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తూ ఒకే ఒక్క ప్రశ్న వేశాడట. "గొడ్డు ఆకలి ఆదివారమని ఆగుద్దంట్రా?"

తాత దగ్గర జవాబు లేదు. గొడ్డుకి ఆకలేస్తుంది, అది నిజం. పైగా ఆ గొడ్లని పేరు పెట్టి పిలిచేది, జబ్బు చేస్తే పక్కన పడుకునేది తాతే. దాంతో ఆదివారం కూడా వెళ్లారు. కొన్నాళ్లు గడ్డి వేసి పరిగెత్తుకొచ్చి ఆరాధనలో కూర్చునేవాళ్లట. మధ్యలో కబురొచ్చేది. చివరికి పెద్దలందరూ కూర్చుని ఆదివారం ఆరాధన రాత్రికి మార్చుకున్నారు. పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని, రోజంతా పని చేసిన ఒళ్లతో. ఇప్పటికీ మా పేటలో పొద్దున ఆరాధన కాక, రాత్రి ప్రార్థన ఒకటి ఉంటుంది. అది మావాళ్ల భక్తి అనుకునేవాణ్ని. ముప్పై ఏళ్లు దాటాక, ఆ వాన రోజు తెలిసింది నాకు, అది కామందు గొడ్ల కోసం జరిపిన టైమని.

ఈ కథ అమ్మ నాకు ఎప్పుడూ ఎందుకు చెప్పలేదు? నేనే అడగలేదు. దళిత జీవిత చిత్రణ మీద వందల పేజీలు రాసినవాణ్ని, మా అమ్మతో కుదురుగా కూర్చున్న ఆదివారాలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు మిగులుతాయి.

ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. కామందు గొడ్డుని ముందు పెట్టాడు, నేను పిల్లల్ని ముందు పెట్టాను. ఆకలి రెండు చోట్లా నిజమే. కానీ గొడ్డు తాతది కాదు. గడ్డి వేయడానికి కామందుకీ రెండు చేతులున్నాయి, ఆయన కొడుకులకీ ఉన్నాయి. 'గడ్డి ఎవరు వేయాలి' అన్న ప్రశ్న రాకుండా 'గొడ్డుకి ఆకలేస్తుందా లేదా' అన్న ప్రశ్న అడిగాడు. దానికి ఎవరైనా ఏస్తుందనే అంటారు. నా పిల్లలకు నేనూ తండ్రినే. నాకూ రెండు చేతులున్నాయి, ఆ టైములో అవి పేపరు పట్టుకుని ఉన్నాయి. కులం మీద నాకున్న కోపం నాకు ఇంత చదువు నేర్పింది కానీ, కామందు వ్యాకరణం నా నోట్లో ఎప్పుడు చేరిందో పసిగట్టడం నేర్పలేదు.

ఆదివారం గురించి మనవాళ్లకి కొంత చరిత్ర చెప్పాలి. చాలామంది ఇది తెల్లదొర ఉత్తినే ఇచ్చి పోయిన సెలవు అనుకుంటారు. ఒంగోలు ప్రాంతంలో 1866 నుంచి పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మాదిగలు వేలుగా క్రైస్తవంలోకి వచ్చినప్పుడు వాళ్లకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు.  మొదటిది మంట పుట్టించింది. అప్పటిదాకా పిలిస్తే పరిగెత్తాల్సిన మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు రానని చెప్పడం అంటే, మిగతా ఆరు రోజులూ తన ఇష్టంతో వస్తున్నట్టు చెప్పడమే కదా. దేవుడి పేరు మీద జరిగిందే కానీ ఈ నేల మీద మనవాళ్లు చేసిన తొలి సమ్మెల్లో దాన్నీ లెక్కపెట్టాలని నేను ఎప్పట్నుంచో వాదిస్తున్నాను. మన వామపక్ష మిత్రులకి ఇది నచ్చదు, చర్చిలో జరిగింది సమ్మె ఎలా అవుతుందంటారు. కూలి పని ఆగిందా లేదా, అది చూడండి ముందు.

ఫ్యాక్టరీ కూలీల ఆదివారం వెనక ఉన్నది నారాయణ మేఘాజీ లోఖండే. జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజం మనిషి, 'దీనబంధు' పత్రిక నడిపినవాడు. 1884లో బొంబాయి మిల్లు కూలీల్ని కూడగట్టి వారానికి ఒక సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం అడుగుతూ వేల సంతకాలతో అర్జీ పెట్టాడు. ఆరేళ్లు పట్టింది. 1890 ఏప్రిల్లో పదివేల మంది కూలీలతో సభ పెడితే అందులో ఇద్దరు ఆడకూలీలు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. మే డే గురించి మన పిల్లలకి పాఠ్యపుస్తకాల్లో ఉంది, మంచిదే. జూన్ 10 గురించి నేను చదివిన ఏ తెలుగు పాఠ్యపుస్తకంలోనూ కనపడలేదు.

తర్వాత బాబాసాహెబ్. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు, 1945లో ఫ్యాక్టరీ కూలీలకి జీతంతో కూడిన సెలవులు వచ్చాయి, 1946 సవరణతో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. ఏసీ గదుల్లో కూర్చుని రిజర్వేషన్ల గురించి వెక్కిరించే ఉద్యోగి మిత్రులు, శుక్రవారం సాయంత్రం వీకెండు స్టేటస్ పెట్టే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

కానీ ఈ ఫ్యాక్టరీ చట్టాల్లో ఏదీ మా అమ్మ పొలం దాకా రాలేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం తన షెడ్యూల్లో వ్యవసాయాన్ని కూడా చేర్చింది, ఏడు రోజుల్లో ఒక రోజు విశ్రాంతికి దారి కూడా పెట్టింది. మా కృష్ణా డెల్టాలో నాట్లేసే ముఠాలో ఎవరినైనా వారపు సెలవు గురించి అడిగి చూడండి, నవ్వుతారు. కాలవకి నీళ్లొచ్చిన వారం నుంచి నాట్లు, కలుపు, కోత, ఆ వెంటనే మినుము. పని ఉన్న రోజు పోతే కూలి పోయినట్టే. పని లేని రోజుని సెలవు అంటామా? సెలవంటే రేపటి పని మీద భరోసా ఉండాలి. వరికోత మిషన్లు దిగాక పని లేని రోజులు బాగానే పెరిగాయి, సెలవులు మాత్రం పెరగలేదు. మా అమ్మ ఇంకా ముఠాతో వెళ్తుంది. నా జీతం వస్తోంది కదా మానేయమంటే, "నీ జీతం నీది, నా కూలి నాది" అంటుంది. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా వెళ్లదు. నాట్ల అదును దాటిపోతోందని మేస్త్రి బతిమాలినా వెళ్లదు. ఇది ఆమె మొండితనం అనుకునేవాణ్ని. తాత ఓడిపోయిన చోట ఆమె నిలబడిందని ఇప్పుడు అర్థమవుతోంది.

పొలంలో అంత గట్టిగా నిలబడ్డ అదే అమ్మ, ఆదివారం చర్చి నుంచి రాగానే అంట్ల ముందు కూర్చుంటుంది.

ఇక్కడే నాకు మన సాహిత్యం గుర్తొస్తుంది. పెద్దన పేరు మీద ఒక చాటువు ఉంది, చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో చెప్తాడు. గొడవల్లేని చోటు, ఇంపైన ఆడమనిషి అందించే తాంబూలం, నోటికి నచ్చిన భోజనం, ఊగడానికి ఉయ్యాల మంచం. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ పిల్లల్ని ఒకటి అడుగుతాను, ఆ భోజనం వండింది ఎవరు, ఉయ్యాల మంచం చేసింది ఎవరు అని. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ వాన రోజు మడతకుర్చీలో నేనెవరో చూసుకున్నాను. మా నాయనమ్మలకి ఉయ్యాల మంచం లేదు, నడుం వంచిన మడిలోనే పాట కట్టారు. ఆ పాటల్ని మనం 'శ్రామిక సౌందర్యం' అని మురుస్తూ పరిశోధనలు చేసి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. నాదీ ఆ లెక్కలో వచ్చిన ఉద్యోగమే. వాళ్లకి ఒక పూట తీరిక దొరికి ఉంటే ఇంకేం పాడేవాళ్లో అని నా సిద్ధాంత గ్రంథంలో ఒక్క పేజీ రాయలేదు.

చల్లపల్లి స్వరూపరాణి గారు, గోగు శ్యామల గారు లాంటివాళ్లు ఎన్నేళ్ల నుంచో మొత్తుకుంటున్నారు, బయట కులం ఎంత బరువో ఇంట్లో మగాడు అంత బరువని. 'నల్లపొద్దు' మా ఇంటి బీరువాలో ఉంది. సభల్లో ఆ పుస్తకం చేత్తో ఎత్తి చూపించాను కూడా. బట్టలు ఉతికిన చేత్తో దాన్ని తెరిచే తీరిక నా సహచరికి ఎప్పుడు దొరికిందో నాకు తెలియదు.

ఇంకా ఇబ్బందైన సంగతి రమాబాయి తల్లి గురించి. ప్రతి ఏడూ ఆమె జయంతికి, వర్ధంతికి మనం సభలు పెడతాం. నలుగురు బిడ్డల్ని పోగొట్టుకుంది, పస్తులుంది, భర్త చదువుకి అడ్డు రాలేదు, 1935 మే 27న కన్ను మూసింది. త్యాగమూర్తి అంటాం. దండ వేస్తాం. ఆ సభకి వచ్చిన మగాళ్లందరం ఇంటికెళ్లి, మనం లేని ఆదివారాన్ని రమాబాయిలా ఓర్చుకోవాలని మన ఆడవాళ్ల నుంచి ఆశిస్తాం. నోరు తెరిచి అడగం కానీ ఆశిస్తాం. బాబాసాహెబ్ చేసింది వేరు. 1940లో పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని 'రాము' జ్ఞాపకానికి అంకితం ఇస్తూ, స్నేహితులు లేని కరువు రోజుల్లో ఆమె తనతోపాటు పడ్డ కష్టాన్ని అందులో పేరు పెట్టి చెప్పాడు. ఆ అంకితంలో నాకు గర్వం కంటే అప్పు కనిపిస్తుంది. అప్పు తీర్చలేనని తెలిసిన మనిషి రాసిన నాలుగు లైన్లు. మనం ఆ అప్పు పత్రాన్ని మన ఆడవాళ్ల ముందు రసీదులా ఊపుతున్నాం.

"అంబేద్కర్ ఆదివారాలు ఇంట్లో కూర్చుంటే రాజ్యాంగం వచ్చేదా?" అని ఒక తమ్ముడు ఫోన్‌లో అన్నాడు. తమ్ముడూ, నువ్వూ నేనూ రాజ్యాంగం రాయట్లేదు. గుడివాడ మీటింగులో నాలుగో వక్తగా, అరగంట ఆలస్యంగా, ముగ్గురు చెప్పిందే చెప్పి, తర్వాత టీ తాగుతూ గంటన్నర కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆ గంటన్నర మన తీరిక. మనకి తీరిక ఉంది, దాని పేరు ఉద్యమం అని రాసుకుంటున్నాం.

అలాగని ధర్నాలు ఆదివారం సెలవు చూసుకుని రావు. చుండూరు గానీ కారంచేడు గానీ కాలెండరు చూసి జరగలేదు. అలాంటి రోజు పరిగెత్తాల్సిందే, ఆడా మగా అందరూ. నేనంటోంది ఆ రోజుల గురించి కాదు. మిగతా నలభై ఆదివారాల గురించి.

లెక్కలు కావాలంటే లెక్కలున్నాయి. 2024లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెట్టారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు 88 నిమిషాలు పెట్టారు. అసలు చెయ్యే పెట్టని మగవాళ్లు ఆ 88లో లేరు. నేను నా వారం లెక్క వేసుకున్నాను. మార్కెట్టుకి వెళ్లడం, పిల్లని స్కూలు దగ్గర దించడం, గ్యాసు సిలిండరు మార్చడం, అన్నీ కలిపినా ఆ 88 నాకు కూడా రాలేదు.

మా ఇంట్లో వచ్చిన రోజులూ ఉన్నాయి. 2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీల సమ్మె. నలభై రెండు రోజులు. నా సహచరి రోజూ శిబిరంలో ఉండేది, విజయవాడ కూడా వెళ్లింది. ఎస్మా పెట్టినా వెనక్కి రాలేదు. ఆ నలభై రెండు రోజులు ఇంట్లో నేను వండాను. అన్నం మొదటి వారం మాడింది, రెండో వారం పలుకైంది, మూడో వారానికి పప్పుచారు కూడా వచ్చేసింది. పిల్ల జడ వేయడం నేర్చుకున్నాను, రెండు పాయలు ఒకే ఎత్తులో రావు కానీ వేశాను. 'సమ్మెలో ఉన్న సహచరికి మద్దతుగా వంటింట్లో నేను' అని ఫొటో కూడా పెట్టాను ఇక్కడే, మీలో చాలామంది లైకు కొట్టారు. జనవరిలో సమ్మె ముగిసింది. మర్నాడు పొద్దున ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లింది, నేను పేపరు పట్టుకున్నాను. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. సమ్మె విరమించాక మళ్లీ డ్యూటీలో చేరినట్టు చేరిపోయింది. ఆ మర్నాటి ఫొటో నేను పెట్టలేదు.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1975 అక్టోబరు 24న ఆడవాళ్లు ఒక రోజు సెలవు తీసుకున్నారు. ఉద్యోగానికీ, ఇంటిపనికీ, పిల్లల పనికీ, మొత్తానికి. దేశంలో పదిమందిలో తొమ్మిది మంది. మగాళ్లు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకి వెళ్లారు, రేడియోలో వార్తల వెనక పిల్లల అరుపులు వినిపించాయట. మర్నాటి ఏడాది సమానత్వ చట్టం వచ్చింది, ఐదేళ్లకి ఒక ఒంటరి తల్లి దేశాధ్యక్షురాలైంది. ఇది చదివి నేను నా సహచరికి ఉత్సాహంగా చెప్పాను. "వాళ్ల ఇళ్లల్లో అంట్లు తోమడానికి మా పేట నుంచి ఎవరూ వెళ్లేవాళ్లు కాదేమో," అంది.

ఆ మాట ఎందుకందో చెప్పాలి. ఈ వ్యాసం చదివి, "చూశారా, మీ ఇళ్లల్లోనూ ఇంతే" అని సంబరపడే పైకులాల ప్రగతిశీల మిత్రులు ఉంటారని తెలుసు. బందరులో మీ ఇంట్లో ఆదివారం పొద్దున మీరూ మీ ఆవిడా కలిసి కాఫీ తాగుతూ బాల్కనీలో కూర్చుంటారు, సమానంగానే ఉంటుంది. ఆ కప్పులు కడిగేది మా పిన్ని. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, చుట్టాలొస్తారు, కాబట్టి ఆ రోజు అంట్లు ఎక్కువ, తొందరగా రావాలి. మా పిన్ని పొద్దున ఆరాధనకి రాదు, రాత్రి ప్రార్థనకే వస్తుంది. గొడ్లు పోయాయి, కప్పులు వచ్చాయి. మీ ఇంట్లో మా పిన్నికి ఏ రోజు సెలవు అన్నది మీరు ముందు చెప్పండి, మిగతా చర్చ తర్వాత.

సరే, ఆ రోజుకి వద్దాం. అమ్మ నవ్వాక నేను లేచి వంటగదిలోకి వెళ్లాను. ఇదేదో గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఇంకేం చేయాలో తోచక వెళ్లాను. ఉల్లిపాయలు తరుగుతుంటే అమ్మ వచ్చి కత్తిపీట లాక్కుంది. "మగోడివి, నీకెందుకురా, తప్పుకో." కామందు మాట పట్టుకున్న అమ్మే! నేను తప్పుకోలేదు. ఇద్దరం కాసేపు కత్తిపీట కోసం పెనుగులాడినంత పని చేశాం. చివరికి ఆమె గడప మీద కూర్చుని, కారం ఎంత వేయాలో, మాంసం ఎప్పుడు మెత్తబడుద్దో చెప్తూ ఉంది. నా సహచరి మంచం మీద పడుకుని మొదట ఫోను చూసింది, తర్వాత నిద్రపోయింది. మధ్యాహ్నం రెండున్నర దాకా. పెళ్లయి పదేళ్లలో ఆమె పగలు నిద్రపోవడం జ్వరం వస్తే తప్ప నేను చూడలేదు. పిల్ల రెండుసార్లు వచ్చి "అమ్మకి ఏమైంది?" అని అడిగింది.

వాన తగ్గాక పిల్లలిద్దర్నీ తీసుకుని మ్యూజియం దగ్గరికి, అక్కడి నుంచి స్తూపం దగ్గరికి వెళ్లాను. మా ఊరి గురించి రాసిన ప్రతిసారీ గ్రీకు టాలెమీ మా రేవుని ప్రస్తావించాడని చెప్పకుండా ఉండలేను, క్షమించాలి. రోము ఓడలు వచ్చిన ఊరు, బౌద్ధం వెలిగిన ఊరు. ఇలాంటి దిబ్బలకి మన జిల్లాల్లో తర్వాతి కాలం వాళ్లు ఎంత నీచమైన పేరు పెట్టారో మీకు తెలుసు, పిల్లల ముందు ఆ పేరు చెప్పలేకపోయాను. తడిసిన ఇటుకల చుట్టూ మావాడు పరిగెడుతున్నాడు. పాపకి సిద్ధార్థుడి కథ చెప్తున్నాను.

"బుద్ధుడికి పిల్లలున్నారా?"

"ఒక కొడుకు. రాహులుడు."

"మరి వాడిని వదిలేసి వెళ్లిపోయాడా?"

"లోకంలో దుఃఖం ఎందుకుందో తెలుసుకోవడానికి వెళ్లాడమ్మా."

"ఆదివారం ఇంటికొచ్చేవాడా?"

బుద్ధుడు కపిలవస్తుకి తిరిగొచ్చిన కథ, రాహులుడు వారసత్వం అడిగిన కథ, సంఘంలో చేర్చుకున్న కథ, అన్నీ నాకు వచ్చు. ఒక సెమినార్ పత్రమే రాశాను. అక్కడ నిలబడి ఒక్కటీ చెప్పాలనిపించలేదు. "లేదు," అన్నాను. పాప ఇంకేం అడగలేదు. వస్తూ వస్తూ దారిలో నా వేలు పట్టుకుంది, ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలూ ఇంట్లోనే ఉన్నాను, ఈ శీర్షిక రాయకపోవడానికి కారణం అదే. ఒక ఆదివారం వంట నాది, బట్టలు నావి. రెండో ఆదివారం బట్టలు ఉతికాను కానీ వంట దగ్గర ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను, దాచడం దేనికి. అమ్మ ఇంకా అలవాటు పడలేదు. అంట్లు నేను తోముతుంటే ఆమెకి ఏం చేయాలో తోచదు. అరుగు మీద కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది, చివరికి ఎక్కడి నుంచో మునగాకు తెచ్చుకుని దూస్తూ కూర్చుంటుంది. "చేతులు ఊరుకోవురా" అంటుంది.

వాయిదా పడిన గుడివాడ మీటింగు వచ్చే ఆదివారానికి పెట్టారు. శనివారం సాయంత్రానికి మార్చమని, పిల్లల్ని తీసుకురావడానికి వీలుండే చోట పెట్టమని, వంట మనలో మగాళ్లం చేద్దామని గ్రూపులో రాశాను. ముప్పై ఆరు మంది చూశారు. ఇద్దరు బొటనవేలు పెట్టారు, ఇద్దరూ ఆడవాళ్లే. మిగతావాళ్ల జవాబు కోసం చూస్తున్నాను.